పాత పికప్ కొన్నారా? లోడు ఎత్తే ముందే టైమింగ్ బెల్టు మార్చండి

చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల పాత పికప్ కొనేవాళ్లు టైర్ల అరుగుదల చూస్తారు, ఛాసిస్ కింద తుప్పు చూస్తారు, పొగ రంగు చూస్తారు, ఎఫ్‌సీ కాగితాలు తిరగేస్తారు. ఇంజిన్ ముందు భాగంలో మూత వెనక తిరిగే రబ్బరు బెల్టును మాత్రం దాదాపు ఎవరూ చూడరు. తెగే రోజు వరకూ అది చప్పుడు చేయకపోవచ్చు, పొగ పెట్టకపోవచ్చు. తెగిన క్షణంలోనే ఇంజిన్ ఆగిపోతుంది, వాల్వులు (సిలిండర్‌లోకి గాలి వచ్చే, పొగ పోయే దారులను తెరిచి మూసేవి) వంగుతాయి. కొన్నిసార్లు పిస్టన్ పైభాగం కూడా దెబ్బ తింటుంది. దామలచెరువు మార్కెట్ నుంచి మామిడికాయలు వేసుకుని గుజ్జు ఫ్యాక్టరీకి బయల్దేరిన బండికి ఇలా జరిగితే ఇంజిన్ పైభాగమైన హెడ్డు విప్పే ఖర్చుకు తోడు లోడు కూడా పోతుంది.

అందుకే నా మాట ఒక్కటే. అమ్మినవారు బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు చూపించలేకపోతే, అసలు మార్చలేదనే లెక్క. మీటరు ఎన్ని కిలోమీటర్లు చూపిస్తోందన్నది పక్కన పెట్టండి. మీటర్లు మారతాయి, కేబుళ్లు తెగి నెలల తరబడి అలాగే ఉండిపోతాయి. కొన్న వారంలోనే కొత్త బెల్టు వేసి, ఆ రోజు నుంచి మీ లెక్క మీరు మొదలుపెట్టుకోండి.

మీ బండికి బెల్టు ఉందా?

ముందుగా ఇది తేల్చుకోవాలి. అన్ని పికప్‌లకూ టైమింగ్ బెల్టు ఉండదు. కొన్నింటిలో గొలుసు ఉంటుంది, మరికొన్ని పాత డీజిల్ ఇంజిన్లలో గేర్లే ఉంటాయి.  2005లో వచ్చిన టాటా ఏస్‌లోని 702 సీసీ రెండు సిలిండర్ల డీజిల్ ఇంజిన్‌కు బెల్టు ఉంటుంది. మన ఊళ్లలో కూరగాయలు, పాల క్యాన్లు, సిమెంటు మోసే చిన్న బండ్లలో ఏస్‌లు ఎక్కువ కాబట్టి ఆ తరహా పాత డీజిల్ ఇంజిన్‌ను, అంటే కంప్యూటర్ లేని, మామూలు డీజిల్ పంపు ఉన్న ఇంజిన్‌ను, దృష్టిలో పెట్టుకునే ఇది రాస్తున్నాను. పని వరుస మిగతా బెల్టు ఇంజిన్లకూ ఇంచుమించు ఇదే. గుర్తులు ఎక్కడ ఉంటాయి, ఏ బోల్టు ఎంత బిగించాలి అన్నవి మాత్రం మీ ఇంజిన్ సర్వీసు మాన్యువల్ నుంచే తీసుకోవాలి. పక్క బండి లెక్క మీ బండికి పనికిరాదు.

ఇంజిన్ ముందు వైపున ప్లాస్టిక్ లేదా పలుచని రేకు మూత ఉండి, చిన్న బోల్టులతోనో క్లిప్పులతోనో ఊడి వచ్చేలా ఉంటే లోపల బెల్టు ఉండే అవకాశం ఎక్కువ. గొలుసు నూనెలో తిరగాలి కాబట్టి దాని మూత మందపాటి అల్యూమినియం పోతతో, గాస్కెట్ వేసి, నూనె కారకుండా బిగించి ఉంటుంది.

ఎప్పుడు మార్చాలన్నది కంపెనీ పుస్తకంలో ఉంటుంది. పాత డీజిల్ బండ్లలో చాలావాటికి అది 60,000 నుంచి 1,00,000 కిలోమీటర్ల మధ్య ఉంటుంది. కిలోమీటర్లు పూర్తికాకపోయినా నాలుగైదేళ్లకు రబ్బరు గట్టిపడుతుంది. మన దగ్గర మరో రెండు సంగతులు కలుస్తాయి. ఒకటి, మే నెల ఎండలు. రెండోది, సీజన్‌లో గుజ్జు ఫ్యాక్టరీల ముందు క్యూలో ఇంజిన్ ఆపకుండా అంగుళం అంగుళం జరగడం. బండి పది కిలోమీటర్లు కూడా కదలదు కానీ బెల్టు గంటల తరబడి తిరుగుతూనే ఉంటుంది. అలా నడిచే బండికి పుస్తకంలో రాసిన గడువు కన్నా ముందే మార్చడం మేలు. తోతాపురి మామిడి కోతలు మొదలయ్యేలోపు, ఏప్రిల్‌లోనే ఈ పని ముగించుకుంటే సీజన్ అంతా నిశ్చింత.

ఆ బెల్టు చేసే పని

ఇది అర్థమైతేనే తర్వాతి జాగ్రత్తలు ఎందుకో తెలుస్తుంది. క్రాంక్ (పిస్టన్లు తిప్పే షాఫ్టు) రెండు చుట్లు తిరిగితే క్యామ్ (వాల్వులను తెరిచే షాఫ్టు) ఒక చుట్టు తిరగాలి. డీజిల్ పంపు కూడా అంతే. క్యామ్ పుల్లీకి క్రాంక్ పుల్లీ కన్నా రెట్టింపు పళ్లు ఉండేది అందుకే. ఈ మూడింటి పొందిక చెడకుండా పట్టి ఉంచేది ఆ బెల్టు పళ్లే. డీజిల్ ఇంజిన్‌లో గాలిని బాగా నొక్కాలి కాబట్టి పిస్టన్ పైకి వచ్చినప్పుడు దానికీ హెడ్డుకూ మధ్య మిగిలే సందు చాలా తక్కువ. ఆ సమయంలో వాల్వు తెరుచుకుని ఉంటే పిస్టన్ దాన్ని గుద్దుతుంది. ఒకటి రెండు పళ్లు తప్పినా బండి స్టార్ట్ కాకపోవచ్చు, పొగ పోయవచ్చు, ఇంకా ఎక్కువ తప్పితే వాల్వు వంగవచ్చు.

ఏమేం కొనాలి

బెల్టు ఒక్కటే కొనకండి. బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ బేరింగు, బెల్టుకు దారి చూపే ఐడ్లర్ పుల్లీ ఉంటే అదీ, క్యామ్ ఆయిల్ సీలు, క్రాంక్ ముందు ఆయిల్ సీలు కలిపి తెచ్చుకోండి. మీ ఇంజిన్‌లో వాటర్ పంపును కూడా ఈ బెల్టే తిప్పుతుంటే పంపు, దాని గాస్కెట్ కూడా తప్పనిసరి. కొత్త బెల్టు మీద పాత టెన్షనర్ పెట్టడం నేను ఎవరికీ సలహా ఇవ్వను. బేరింగు పట్టేస్తే కొత్త బెల్టయినా గంటలో కరిగిపోతుంది. బయట తిరిగే ఫ్యాన్ బెల్టు కూడా ఎలాగూ ఊడదీస్తారు కాబట్టి పగుళ్లుంటే మార్చేయండి.

ఆటోనగర్‌లో కొనేటప్పుడు ఇంజిన్ నంబరు, తయారైన సంవత్సరం చెప్పి అడగండి. పేరున్న కంపెనీల పెట్టెల్లో నకిలీ సరుకు వస్తోంది, బిల్లు ఇచ్చే దుకాణంలోనే కొనాలి. బెల్టు ఇంటికి తెచ్చాక గట్టిగా మడవకండి, మెలిపెట్టకండి, లోపలి వైపు బయటికి తిప్పకండి. రబ్బరు లోపలి దారాలు ఒక్కసారి విరిగితే పైకి ఏమీ కనిపించదు కానీ బెల్టు ఆయుష్షు బాగా తగ్గిపోతుంది.

పనిముట్లలో మామూలు స్పానర్లు, సాకెట్ సెట్టుతో పాటు బోల్టు ఎంత బిగిసిందో చూపే టార్క్ రెంచి కావాలి. సొంతంగా లేకపోతే తెలిసిన షెడ్డులో ఒక పూటకు అడిగి తెచ్చుకోండి. తెల్ల పెయింటు పెన్ను, పొడి గుడ్డలు, కూలెంట్ పట్టే బకెట్టు, మంచి వెలుతురు ఉండాలి. మొదటిసారి చేసేవారు దీనికి ఒక రోజంతా కేటాయించుకోవాలి.

బండిని సిద్ధం చేయడం

చదునైన గట్టి నేల మీద బండి నిలిపి, ఇంజిన్ పూర్తిగా చల్లారనివ్వండి. బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయండి. పని మధ్యలో ఎవరైనా పొరపాటున తాళం తిప్పినా స్టార్టర్ తిరగకూడదు. వెనక చక్రాలకు అటూ ఇటూ రాళ్లు అడ్డం పెట్టండి. ముందు భాగం ఎత్తాల్సి వస్తే జాకీ మీద వదిలేయకుండా స్టాండ్లు పెట్టాకే కిందకు దూరాలి. ఇటుకలు, కట్టె మొద్దులు పెట్టి బండి కిందికి వెళ్లవద్దు.

ఏస్‌లో ఇంజిన్ సీటు కింద ఉంటుంది కాబట్టి సీటు ఎత్తి పక్కన పెట్టాలి. రేడియేటర్, దాని గొట్టాలు అడ్డుగా ఉన్నా, వాటర్ పంపు మార్చాల్సి ఉన్నా కూలెంట్ దించేయండి. ఆ నీళ్లు తియ్యగా ఉంటాయి, కుక్కలు, దూడలు తాగితే చచ్చిపోతాయి. నేల మీద వదలకుండా డబ్బాలో పట్టి మూత పెట్టండి.

తర్వాత హీటర్ ప్లగ్గులు (స్టార్ట్ చేసేటప్పుడు సిలిండర్లను వేడి చేసేవి) విప్పేయండి. ఈ చిన్న పని చేస్తే సిలిండర్లలో గాలి నొక్కుకోదు, ఇంజిన్‌ను స్పానర్‌తో సులువుగా తిప్పవచ్చు. అంతకన్నా ముఖ్యంగా, చివర్లో చేతితో తిప్పి చూసేటప్పుడు ఎక్కడైనా వాల్వు తగిలితే ఆ తేడా చేతికి స్పష్టంగా తెలుస్తుంది. ప్లగ్గు రంధ్రాల్లో దుమ్ము పడకుండా గుడ్డ కప్పండి.

ఇక ఫ్యాన్ బెల్టు, ఫ్యాన్ అడ్డొస్తే అదీ తీసి, పై మూత విప్పితే టైమింగ్ బెల్టు కనిపిస్తుంది. విప్పే ముందు, విప్పాక ఫోనులో ఫోటోలు తీసుకోండి. ఏ బోల్టు పొడవు, ఏది పొట్టి అన్నది సాయంత్రానికి గుర్తుండదు.

క్రాంక్ పుల్లీ బోల్టు

ఈ పనిలో ఎక్కువ మొండికేసేది ఇదే. బయటి పుల్లీని నాలుగైదు చిన్న బోల్టులతో లోపలి పళ్ల పుల్లీకి బిగించిన ఇంజిన్లలో మధ్య బోల్టు జోలికి పోనక్కర్లేదు. ముందు అది చూడండి. మధ్య బోల్టే విప్పాల్సి వస్తే బండిని టాప్ గేరులో పెట్టి, తోడున్నవారిని బ్రేకు గట్టిగా తొక్కమని, పొడవాటి పిడితో ఒక్క ఊపున వదులు చేయండి. స్పానర్‌ను ఛాసిస్‌కు ఆనించి స్టార్టర్ కొట్టే పద్ధతి షెడ్లలో కనిపిస్తుంది. చేతులు విరగడానికీ, బోల్టు తల తెగడానికీ అది దగ్గర దారి. బెల్టును పట్టుకుని ఇంజిన్‌ను ఆపడం, టైమింగ్ పిన్ను (పుల్లీలు కదలకుండా గుచ్చే పిన్ను) పెట్టి దాని మీద బలం వేయడం కూడా కూడదు.

బోల్టు వదులు చేసి అలాగే ఉంచండి. గేరు న్యూట్రల్ చేయండి. ఇప్పుడే టైమింగ్ గుర్తులు కలపాలి.

గుర్తులు కలపడం

తొందరపడకుండా చేయాల్సిన ఘట్టం ఇదే. క్రాంక్ బోల్టుకు సాకెట్ వేసి ఇంజిన్‌ను అది సహజంగా తిరిగే వైపుకే తిప్పాలి. ముందు నుంచి చూస్తే చాలా ఇంజిన్లలో అది గడియారం ముల్లు తిరిగే వైపు. మీ దాంట్లో ఎటో మాన్యువల్‌లో చూసుకోండి. వదులు చేసిన బోల్టు ఆ వైపు తిప్పితే మళ్లీ బిగుసుకుంటుంది, ఫర్వాలేదు.

ఒకటో సిలిండర్ పిస్టన్ టాప్‌కు రావాలి, క్యామ్ పుల్లీ గుర్తు హెడ్డు మీది గుర్తుకు ఎదురుగా నిలవాలి, డీజిల్ పంపు పుల్లీ గుర్తు దాని స్థానానికి రావాలి. క్రాంక్ గుర్తు కలిసినా క్యామ్ గుర్తు ఎదురు దిక్కున కనిపిస్తే తప్పేమీ జరగలేదు. క్రాంక్ రెండు చుట్లకు క్యామ్ ఒక చుట్టే కాబట్టి ఇంకో పూర్తి చుట్టు తిప్పితే మూడూ కలుస్తాయి. కొంచెం దాటిపోతే వెనక్కి లాగి సరిపెట్టకండి. మరో రెండు పూర్తి చుట్లు ముందుకే తిప్పి గుర్తుల దగ్గర ఆపండి. అప్పుడే బెల్టు బిగువు వైపు సందు లేకుండా ఉంటుంది.

బయటి పుల్లీ మీది గుర్తును మాత్రమే నమ్మకండి. ఆ పుల్లీ తీసేస్తే గుర్తూ పోతుంది. పుల్లీ తీశాక లోపలి పళ్ల పుల్లీ మీద, దాని పక్కన బ్లాకు మీద ఉన్న గుర్తు వెతికి పట్టుకోండి. ఏళ్ల తరబడి నూనె, దుమ్ము అట్టగట్టి ఉంటుంది, గుడ్డతో తుడిచి వెలుతురు పక్క నుంచి పడేలా పెడితే చిన్న గాటు కనిపిస్తుంది. మూడు చోట్లా పుల్లీ పన్ను మీద, దానికి ఎదురుగా ఇంజిన్ మీద, పాత బెల్టు మీద తెల్ల పెయింటు గీత గీయండి. ఆ గీతల మధ్య పాత బెల్టుకు ఎన్ని పళ్లున్నాయో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. కంపెనీ గుర్తుకూ మీ గీతకూ తేడా కనిపిస్తే ఇంతకు ముందు ఎవరో తప్పు పన్నులో బెల్టు వేశారన్నమాట. అప్పుడు కంపెనీ గుర్తునే పాటించాలి. పిన్నుతో లాక్ చేసే ఏర్పాటు ఉంటే సరైన కొలత పిన్నులు వాడండి.

పాత బెల్టు తీయడం, దాన్ని చదవడం

టెన్షనర్ నట్టు వదులు చేసి, పక్కకు నెట్టి మళ్లీ బిగిస్తే బెల్టు జారుతుంది. తీసే సమయంలో వాల్వు స్ప్రింగుల ఒత్తిడికి క్యామ్, లోపలి ఒత్తిడికి డీజిల్ పంపు పుల్లీ ఒక్కసారిగా కొంచెం తిరగవచ్చు. వేళ్లు పళ్ల మధ్య పెట్టకండి. బెల్టు ఊడిన తర్వాత క్రాంక్‌ను గానీ క్యామ్‌ను గానీ తిప్పకూడదు.

పాత బెల్టును పారేసే ముందు వెలుతురులో పరీక్షగా చూడండి. వీపు మీద సన్నని అడ్డ పగుళ్లు ఉంటే వయసు, వేడి. అంచు ఒక వైపే పీచులు లేస్తే పుల్లీలు ఒకే వరుసలో లేవు, లేదా టెన్షనర్ వంగింది. రబ్బరు ఉబ్బి మెత్తగా, వేలికి జిడ్డుగా తగిలితే ఎక్కడో ఆయిల్ సీలు కారుతోంది. వరుసగా కొన్ని పళ్లు మొదలంటా ఊడిపోతే తిరగాల్సింది ఏదో పట్టేసింది, వాటర్ పంపు, బేరింగులు అన్నీ చేతితో తిప్పి చూడాలి. ఈ కారణాన్ని సరిచేయకుండా కొత్త బెల్టు వేస్తే అది కూడా అదే దారిన పోతుంది.

పాత టెన్షనర్‌ను చెవి దగ్గర పెట్టుకుని వేలితో తిప్పి చూడండి. గరగరమని చప్పుడొచ్చినా, గ్రీజు ఎండిపోయి గాలికి తిరిగినట్టు అతి తేలిగ్గా తిరిగినా దాని పని అయిపోయినట్టే. కొత్తదాన్ని కూడా అలాగే తిప్పి చూస్తే, నునుపుగా, కొంచెం బరువుగా తిరిగే ఆ తేడా చేతికి తెలిసిపోతుంది.

సీళ్లు, వాటర్ పంపు ఈ దశలోనే మార్చేయాలి. సీలు పెదవికి కాస్త ఇంజిన్ ఆయిల్ రాసి, వంకర పోకుండా సమంగా దించండి. సీలు మార్చడానికి పుల్లీ విప్పాల్సి వస్తే షాఫ్టు కదలకుండా పట్టుకోవాలి. అంతా అయ్యాక పుల్లీల పళ్లలోని మట్టి, జిడ్డు పొడి గుడ్డతో శుభ్రంగా తుడవండి. పెట్రోలు, డీజిల్, గ్రీజు ఏదీ బెల్టుకు తగలకూడదు.

కొత్త బెల్టు ఎక్కించడం

పాత, కొత్త బెల్టులను పక్కపక్కన నిలబెట్టి వెడల్పు, పన్ను ఆకారం, పళ్ల సంఖ్య సరిపోయాయో చూడండి. బెల్టు మీద బాణం గుర్తు ఉంటే అది తిరిగే దిక్కుకే ఉండాలి.

ముందు క్రాంక్ పుల్లీకి తొడిగి, టెన్షనర్ లేని వైపు బిగువుగా లాగుతూ తర్వాతి పుల్లీకి, అక్కడి నుంచి ఆఖరి పుల్లీకి ఎక్కించండి. వదులు అంతా టెన్షనర్ వైపే మిగలాలి. పంపు దగ్గరో క్యామ్ దగ్గరో అర పన్ను తేడాతో బెల్టు కూర్చోకపోతే ఆ పుల్లీనే వెంట్రుకవాసి కదిపి కూర్చోబెట్టండి, క్రాంక్‌ను కదపవద్దు. స్క్రూడ్రైవర్‌తో ఎగదన్ని బెల్టు ఎక్కించకండి. చేతులతో ఎక్కడం లేదంటే టెన్షనర్ పూర్తిగా వెనక్కి పోలేదని అర్థం. ఎక్కాక, కాగితం మీద రాసుకున్న పళ్ల లెక్క గుర్తుల మధ్య మళ్లీ సరిచూడండి.

బిగువు విషయంలో స్ప్రింగు టెన్షనర్ ఉంటే నట్టు వదిలితే అదే బిగిస్తుంది, ఆ తర్వాత నట్టు బిగించాలి. చేతితో సరిచేసే రకమైతే మాన్యువల్ చెప్పిన పద్ధతే పాటించండి. చాలా పాత ఇంజిన్లలో షెడ్డువాళ్లు వాడే పరీక్ష ఒకటుంది: రెండు పుల్లీల మధ్య పొడవైన చోట బెల్టును రెండు వేళ్లతో పట్టి మెలితిప్పితే సుమారు 90 డిగ్రీలు తిరగాలి, అంతకన్నా తిరగకూడదు. అతిగా బిగిస్తే బేరింగులు పోతాయి, వదులైతే పళ్లు దాటుతాయి.

రెండు చుట్లు చేతితో

దీన్ని ఎవరు వద్దన్నా మానకండి. లాక్ పిన్నులు పెట్టి ఉంటే తీసేసి, క్రాంక్‌ను సహజంగా తిరిగే వైపుకే చేతితో రెండు పూర్తి చుట్లు నిదానంగా తిప్పండి. హీటర్ ప్లగ్గులు తీసి ఉన్నాయి కాబట్టి ఒకే రకం బరువుతో తిరగాలి. ఎక్కడైనా గోడకు తగిలినట్టు ఆగితే అక్కడే ఆపండి. బలం వేయకూడదు, స్టార్టర్‌తో దాటించాలని అసలే చూడకూడదు. వాల్వు పిస్టన్‌కు తగిలింది, బెల్టు తీసి మొదటి నుంచి గుర్తులు కలపాలి. చేతి బలంతో తగిలినప్పుడే ఆపితే సాధారణంగా నష్టం ఉండదు, స్టార్టర్ బలానికి మాత్రం వాల్వు వంగుతుంది.

రెండు చుట్ల తర్వాత మూడు గుర్తులూ మళ్లీ కచ్చితంగా కలవాలి. బెల్టు మీది పెయింటు గీతలు ఇప్పుడు వేరే చోట ఉంటాయి, దాన్ని పట్టించుకోనక్కర్లేదు, చూడాల్సింది పుల్లీ గుర్తులనే. బిగువు కూడా ఇంకోసారి చూడండి. ఒక్క పన్ను తేడా ఉన్నా విప్పి సరిచేయాల్సిందే.

తిరిగి బిగించడం, మొదటి స్టార్టు

కింది మూత, క్రాంక్ పుల్లీ, పై మూత వరుసగా బిగించండి. క్రాంక్ బోల్టును మాన్యువల్‌లోని టార్క్‌కే బిగించాలి. కొత్త బోల్టు వేయమని ఉంటే పాతది వాడకండి. మూతలు వదిలేసి తిరిగే బండ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. క్వారీ దారిలో ఎగిరిన చిన్న గులకరాయి ఒక్కటి పుల్లీకీ బెల్టుకూ మధ్య దూరితే ఇంత పనీ వృథా.

హీటర్ ప్లగ్గులు, ఫ్యాన్ బెల్టు, గొట్టాలు పెట్టేశాక కూలెంట్ పోయండి. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, రేడియేటర్‌లో పొర కట్టేస్తుంది. కూలెంట్‌లో డిస్టిల్డ్ వాటరే కలపాలి. డీజిల్ గొట్టం విప్పి ఉంటే పంపు దగ్గర గాలి తీసేయండి. బ్యాటరీ తీగ చివర్లో తగిలించండి.

స్టార్ట్ కాగానే రేజ్ చేయకుండా ఐడిల్‌లో వదిలి వినండి. సన్నని కూత వస్తే బెల్టు బిగువెక్కువ. మూతకు తట్టుతున్న చప్పుడు వస్తే వదులు. స్టార్ట్ కావడానికి మొరాయించి తెల్ల పొగ పోస్తుంటే డీజిల్ పంపు టైమింగ్ వెనకబడింది, ఠంగు ఠంగుమని గట్టిగా కొడుతుంటే ముందుకు పోయింది. ఏది విన్నా వెంటనే ఆపి మూత విప్పండి, నడిస్తే సర్దుకుంటుందని ఊరుకోకూడదు. అంతా సవ్యంగా ఉంటే ఇంజిన్ పూర్తిగా వేడెక్కేదాకా ఉంచి, కారుతున్నవేమైనా ఉన్నాయా చూసి, చల్లారాక కూలెంట్ మట్టం సరిచేయండి.

మొదటి రోజే లోడుతో భాకరాపేట ఘాట్‌కో మొగిలి ఘాట్‌కో వెళ్లకుండా, ఖాళీ బండితో ఊరి చుట్టూ పాతిక కిలోమీటర్లు తిప్పి రండి. ఫ్యాన్ బెల్టు బిగువు మరునాడు ఒకసారి చూడండి. టైమింగ్ బెల్టు మార్చిన తేదీ, మీటరు అంకె, బెల్టు కంపెనీ పేరు చెరగని పెన్నుతో మూత మీద రాయండి. బిల్లులు, పాత బెల్టు ఒక సంచిలో వేసి బండి కాగితాలతో ఉంచితే రేపు మీరు అమ్మేటప్పుడు కొనేవారికి చూపించవచ్చు.